దుర్యోధనుడి డైరీ: నాయన ఆఖరి వేషం కోసం చేస్తున్న పని

ఫిబ్రవరి 9

ఈ రోజు నుంచి ఈ పని ఎంతవరకు వచ్చిందో రాసి పెట్టుకుంటున్నాను.

పుత్తూరు దగ్గర మా ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందు ఏటా వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మా నాయన అందులో ముప్పై ఒక్క ఏళ్ళుగా దుర్యోధనుడు. ఇప్పుడు అరవై ఏడేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి, గద పట్టుకుని, మైదానంలో పడుకోబెట్టిన దుర్యోధనుడి పెద్ద మట్టి బొమ్మ చుట్టూ పరిగెత్తలేడు. ఈ ఏడు ఆ వేషం వేరే అబ్బాయికి ఇస్తామని పెద్దమనుషులు చెప్పారు. నాయన సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదని అమ్మ ఫోన్లో చెప్పింది.

దుర్యోధన వధ జరిగిన రాత్రి, అగ్నిగుండం తొక్కడం అయిపోయాక, మరుసటి రోజు పట్టాభిషేకం దాకా మైదానం ఖాళీగానే ఉంటుంది. ఆ రాత్రి నాయన కూర్చునే చెప్పగలిగిన ఏకపాత్ర ఒకటి రాయాలని నిర్ణయించుకున్నాను. చచ్చిపోయిన దుర్యోధనుడు స్వర్గంలో కూర్చుని, బతికుండగా ఎవరికీ చూపించకుండా రాసుకున్న డైరీ తిరగేస్తుంటాడు. ముప్పావు గంట చాలు.

స్వర్గంలోనే ఎందుకంటే, స్వర్గారోహణ పర్వం చదివిన రోజు నుంచి ఒక దృశ్యం నన్ను వదలడం లేదు. ధర్మరాజు స్వర్గానికి చేరాక మొదట కనిపించేది తమ్ముళ్ళు కాదు, ద్రౌపది కాదు. సూర్యుడిలా వెలుగుతూ ఆసనం మీద కూర్చున్న దుర్యోధనుడు. ధర్మరాజుకు ఒళ్ళు మండిపోతుంది. ఇతనున్న చోట నేనుండను, నా వాళ్ళు ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళండి అంటాడు. నారదుడు సర్దిచెబుతాడు. యుద్ధంలో దేహాన్ని ఆహుతి చేసి, క్షత్రియధర్మం వల్ల ఈ లోకం సంపాదించుకున్నాడు, ఇక్కడ పగలు ఉండవు అంటాడు. ఇంత జరుగుతున్నా దుర్యోధనుడు నోరు తెరవడు. భూమ్మీద ఉన్నన్నాళ్ళూ ఒక్క మాటకూ ఊరుకోని మనిషి. ఆ మౌనం వెనక ఏముందో నాకు రాయాలనుంది.

ఫిబ్రవరి 23

డైరీ చూడ్డానికి ఎలా ఉండాలన్న దానికే రెండు వారాలు పోయాయి. మొదట తాటాకులు అనుకున్నాను. ఆకు ఉడకబెట్టి, ఆరబెట్టి, సమంగా కత్తిరించి, గంటంతో గీసి, మసి పూస్తే తప్ప అక్షరం కనబడదు. నాలుగు ఆకులు ప్రయత్నిస్తే రెండు నిలువునా చీలిపోయాయి. పైగా దూరంగా కూర్చున్నవాళ్ళకు తాటాకుల కట్ట కనిపిస్తే పురాణం చదువుతున్నాడనుకుంటారు.

దారి చూపించింది నాయనే. “అంగట్లో పద్దులు రాసే ఎర్ర అట్ట పుస్తకం ఉంటుంది గదా పాపా, అది పెట్టు. ఎవురికి ఏమిచ్చినాడో, ఎవురు తనకు బాకీ ఉండారో లెక్క పెట్టుకునే మనిషి దుర్యోధనుడు.”

ఆ మాటతో నాటకం మొత్తం మారిపోయింది. అప్పటిదాకా నేను డైరీ అంటే మనసు విప్పి చెప్పుకునేది అనుకున్నాను. ఆయన మనసు విప్పడు, పద్దు రాస్తాడు. కర్ణుడికి ఇచ్చింది అంగరాజ్యం. భీముడు బాకీ ఉన్నది చిన్నప్పుడు చెట్టెక్కిన తమ్ముళ్ళను మాను కుదిపి కింద పడేసిన అవమానం. మయసభలో నీళ్ళలో పడినప్పుడు నవ్విన వాళ్ళ పేర్లు, వరసగా.

తిరుపతి గాంధీ రోడ్డులో పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటి కొన్నాను. కాగితం మరీ తెల్లగా ఉంది. టీ డికాక్షన్ పూస్తే మొదటి పది పేజీలు అప్పడాల్లా ముడుచుకున్నాయి. డికాక్షన్ పల్చన చేసి, దూదితో అద్ది, ఫ్యాను కింద ఆరాక రుబ్బురాయి కింద రెండు రోజులు పెడితే బాగా వచ్చింది. అంచులకు దీపం మసి రాశాను.

మార్చి 16

ఇరవై రెండు పేజీలు రాశాను, పద్నాలుగు చించేశాను.

చించేయడానికి కారణం ఒక్కటే. నాకు తెలియకుండానే ఆయన్ను మంచివాణ్ణి చేస్తున్నాను. వారణావతంలో లక్క ఇల్లు కట్టించిన పేజీలో తప్పంతా శకుని మీద వేశాను. నాయన చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. “అంతా మామే చేసుంటే ఇంక నేనెందుకు?” అన్నాడు. ‘నేను’ అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అలా అనగా నేను వినడం అదే మొదలు.

పదవ తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను కాబట్టి ఒక సంగతి నాకు బాగా తెలుసు. ప్రతినాయకుడి తరఫున మాట్లాడటం ఈ రోజుల్లో చాలా సులువు. చిన్నప్పుడు దెబ్బతిన్నాడు, తండ్రి గుడ్డివాడు, తల్లి కళ్ళకు గంతలు కట్టుకుంది అని నాలుగు మాటలు చెబితే అందరూ అయ్యో అంటారు. ఆ అయ్యో నాకొద్దు. తండ్రికి కళ్ళు లేకపోవడం నిజం, భీముడికి విషం పెట్టి గంగలో తోసేయడమూ నిజం. మొదటిది చెప్పి రెండోది కొట్టేస్తే పద్దు తప్పుతుంది.

ఉంచుకున్న పేజీల్లో నాకు ఎక్కువ నచ్చింది ఘోషయాత్ర. అరణ్యపర్వంలో ఎఱ్ఱన పూరించిన భాగంలో వస్తుంది. పాండవులు అడవిలో నార చీరలతో ఉంటే వాళ్ళ ముందు తన వైభవం చూపించుకోవాలని, పశువుల లెక్క చూసే నెపంతో దుర్యోధనుడు సపరివారంగా బయల్దేరతాడు. గంధర్వులతో గొడవ పెట్టుకుంటాడు. చిత్రసేనుడు ఆయన్ను కట్టేసి తీసుకుపోతుంటే విడిపించేది అర్జునుడు, భీముడు వాళ్ళే. వెళ్ళి విడిపించమన్నవాడు ధర్మరాజు. ఆ అవమానం భరించలేక దుర్యోధనుడు రాజ్యానికి తిరిగి వెళ్ళనని, తిండి మానేసి చనిపోతానని దర్భలు పరుచుకుని కూర్చుంటాడు.

ఈ మనిషి జీవితంలో మారడానికి దొరికిన ఒకే ఒక్క రాత్రి అది. తనకు అన్యాయం జరిగిందని కాదు, తాను అన్యాయం చేసినవాళ్ళు తనను కాపాడారని చావాలనుకున్నాడు. ఆ పేజీలో పద్దు రాయడం రాక పెన్ను కింద పెట్టేస్తాడు. ‘వచ్చింది’ వైపు ప్రాణం అని రాశాడు. ‘చెల్లించవలసింది’ వైపు ఏం రాయాలో తెలియలేదు. తెల్లారేసరికి కర్ణుడి మాటలూ, పాతాళంలో రాక్షసులు ఇచ్చిన ధైర్యమూ పనిచేశాయి, లేచి హస్తినకు వెళ్ళిపోయాడు. ఆ గీతకు అటువైపు ఖాళీగానే వదిలేశాను.

ఉగాది

ఊరికి వెళ్ళాను. పచ్చడి తిన్నాక సమస్య అమ్మ ముందు పెట్టాను. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన రోజు. ఐదుసార్లు రాశాను. ఒకసారి పశ్చాత్తాపం ఎక్కువైంది, ఒకసారి గర్వం ఎక్కువైంది. ఏది రాసినా అబద్ధంగా ఉంది.

అమ్మ నాయన వేషాలకు జరీ కుట్టిన మనిషి. ఎప్పుడూ తెర వెనకే ఉంటుంది. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, “తప్పు చేసినోడు దాని గురించి పొడుగ్గా రాసుకోడు మే. రెండు ముక్కలు రాసి పేజీ తిప్పేస్తాడు” అంది.

సాయంత్రానికి ఆ పేజీ అయిపోయింది. పైన జూదంలో గెలిచిన వాటి జాబితా పొడుగ్గా ఉంటుంది. రథాలు, ఏనుగులు, దాసీలు, ధనాగారం, ఇంద్రప్రస్థం, ఒక్కో తమ్ముడి పేరు, ఆఖరున ధర్మరాజు పేరు. దాని కింద రెండే రెండు వాక్యాలు.

“ఈ రోజు సభలో ఆడవాళ్ళ విషయంగా కొంచెం గొడవైంది. నాన్నగారు వరాలిచ్చి సర్దిచెప్పారు.”

తర్వాత మూడు పేజీలు వికర్ణుడి మీద. నిండు సభలో సొంత తమ్ముడు లేచి ఇది ధర్మం కాదన్నాడని. ద్రౌపది గురించి రెండు వాక్యాలు రాసినవాడు తమ్ముడు తనను కాదన్నందుకు మూడు పేజీలు రాస్తాడు. అదే వికర్ణుడు యుద్ధంలో అన్న పక్షానే నిలబడి భీముడి చేతిలో పోయాడు. కుటుంబమంటే దుర్యోధనుడికి నిజంగానే ప్రాణం. అయితే ఆ ప్రేమ తన గడప దగ్గరే ఆగిపోయింది. పక్కింటి ఆడమనిషి కూడా ఎవరికో బిడ్డ, ఎవరికో తల్లి అన్నది ఆయన పద్దులో ఎక్కడా ఎక్కలేదు. ఎవరైనా నా నాటకం నుంచి ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే కావాలి.

నాయన ఆ రెండు వాక్యాలు పైకి చదివాడు. రెండోసారి చదవమంటే చదవలేదు.

ఏప్రిల్ 13

యుద్ధం పద్దెనిమిది రోజులు. భీష్ముడు, ద్రోణుడు, వ్యూహాలు అన్నీ పెడితే రాత్రంతా పడుతుంది, అవన్నీ భారతంలో జనం చూసే వస్తారు. కాబట్టి యుద్ధాన్ని తల్లి వైపు నుంచి రాశాను. స్త్రీపర్వంలో వ్యాసుడు గాంధారికి ఒక సంగతి గుర్తుచేస్తాడు. పద్దెనిమిది రోజులూ కొడుకు వచ్చి గెలవమని దీవించమ్మా అని అడిగితే, ఆమె ప్రతిసారీ ధర్మం ఎటుంటే అటే జయం అని మాత్రమే అంది.

కొడుకు కాళ్ళ ముందు వంగి ఉన్నాడు. కడుపులో ప్రేమ ఉంది. అయినా అబద్ధపు దీవెన ఇవ్వలేదు. ఆ తల్లిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నూరుమందిని కన్నది, ఒక్కసారైనా నోరు జారలేదు.

పుస్తకంలో పద్దెనిమిది పేజీలు దీనికే. ఒక్కో పేజీకి ఒక్క వాక్యం. “అమ్మను అడిగాను. ధర్మమెటుంటే అటే జయమంది.” పద్దెనిమిదిసార్లూ అదే. చేతిరాత మాత్రం మారుతూ పోయింది. మొదటి రోజు గుండ్రంగా, పదో రోజు భీష్ముడు పడ్డాక వంకరగా, చివర్లో గెలికినట్టు. ఎడమచేత్తో రాసి సాధించాను.

వాద్యాల వాళ్ళు ఇది విని భయపడ్డారు. ఒకే మాట పద్దెనిమిదిసార్లు అంటే జనం లేచిపోతారని మద్దెల ఆయన అన్నాడు. హార్మోనియం అయ్యోరు మాత్రం శ్రుతి ఒక్కో మెట్టు దించుకుంటూ వస్తానన్నాడు. పదమూడో రోజు అభిమన్యుడి చేతిలో కొడుకు లక్ష్మణకుమారుడు చనిపోయిన రోజు. ఆ రోజు ఎలా అనాలి? ఏడవాలా? నాయన ఆలోచించి చెబుతానన్నాడు.

ఏప్రిల్ 27

స్వర్గం పేజీల దగ్గర మా ఇద్దరికీ వాదన.

భారతం చివర ఇంద్రుడు ధర్మరాజుకు చెప్పే లెక్క ఒకటుంది. రాజులందరూ నరకం చూడవలసిందే. పుణ్యం ఎక్కువున్నవాడు ముందు నరకం చూసి తర్వాత స్వర్గం అనుభవిస్తాడు, పాపం ఎక్కువున్నవాడు ముందు స్వర్గం అనుభవిస్తాడు. ద్రోణుడి దగ్గర అశ్వత్థామ విషయంలో ఆడిన మోసపు మాటకు ధర్మరాజు కాసేపు నరకం చూడవలసి వచ్చింది. అంటే దుర్యోధనుడు ఆ వెలిగిపోయే ఆసనం మీద కూర్చుని ఉండటం బహుమానం కాదు. ఆయన వంతు తర్వాత వస్తుంది.

ఆ సంగతి ఆయనకు తెలుసా అన్నది నా ప్రశ్న. తెలుసనీ, ఆ భయంతోనే డైరీ తిరగేస్తున్నాడనీ నేను రాశాను. నాయన ఒప్పుకోలేదు. “తొడలు విరిగి పడి ఉన్నప్పుడు కూడా నా అంత గొప్ప చావు ఎవురికి వచ్చింది అన్నోడు. ఆయన మింద పూలవాన గూడా కురిసింది. ఆయనకు భయం పెట్టొద్దు.” నిజమే, నేలమీద పడి ఉండి కూడా చదువుకున్నాను, దానాలు చేశాను, భూమినేలాను, వీరుల్లా చచ్చాను అని చెప్పుకున్నాడు. నా వాక్యాలు కొట్టేశాను.

మరి ఆ మౌనంలో ఏముంది? రెండు రోజులు ఆ పర్వాన్నే మళ్ళీ మళ్ళీ చదివితే కనిపించింది. ధర్మరాజు స్వర్గంలో కాలు పెట్టాక అడిగే మొదటి పేర్లలో ఒకటి కర్ణుడిది. జీవితమంతా శత్రువనుకుని, చచ్చాక అన్న అని తెలిసిన మనిషి కోసం ఆయన వెతుకుతున్నాడు. తన వాళ్ళు నరకంలో ఉన్నారని తెలిశాక ఆ కంపులో, ఆ చీకట్లో వాళ్ళతోనే ఉంటాను, స్వర్గం నాకొద్దు అంటాడు. కర్ణుణ్ణి ప్రాణమిత్రుడన్న దుర్యోధనుడు ఆ ఆసనం మీద నుంచి కర్ణుడెక్కడ అని అడిగినట్టు ఎక్కడా లేదు.

డైరీలో ఆఖరి పేజీ ఇప్పుడు వచ్చింది. ఎదురుగా ధర్మరాజు వెనక్కి తిరిగి నరకం వైపు నడిచిపోతుంటే, దుర్యోధనుడు పద్దుల పుస్తకం తెరిచి మొదటిసారి తనకు రావలసింది కాకుండా వేరే ఒకటి రాసుకుంటాడు. “కర్ణుడెక్కడ?”

నాయన చదివి పుస్తకం మూసి చాలాసేపు అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. “ఇది చెప్తా” అన్నాడు.

మే 9

తిరుపతిలో గంగమ్మ జాతర నడుస్తోంది. చాటింపు పడ్డాక ఊరు దాటకూడదని మా అత్త పట్టు, అందుకని వారం రోజులు ఫోన్లోనే రిహార్సల్సు. పిల్లలు ఒళ్ళంతా వేషాలు పూసుకుని వీధుల్లో తిరుగుతున్నారు. ఊళ్ళో ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాణ్ణి అమ్మవారు వేషాలు మార్చి మార్చి వెతికి చంపిన కథ మాది. వాడికి డైరీ రాయాలని నాకెప్పుడూ అనిపించలేదు. వాడి ఇంట్లోవాళ్ళు ఎవరో మాకు తెలియదు. దుర్యోధనుడి ఇంట్లోవాళ్ళందరూ తెలుసు, కష్టం అందుకే.

సమయం కొలిచాం. యాభై ఎనిమిది నిమిషాలు. మయసభ పేజీ తీసేశాను, అది సినిమాల వల్ల అందరికీ నోటికి వచ్చు. నలభై తొమ్మిదికి వచ్చింది.

మే 25

రాత్రి రెండున్నర. నిద్ర రావడం లేదు, అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

మట్టి బొమ్మ ఈసారి యాభై అడుగులు దాటింది. చెరువు మట్టి ట్రాక్టర్లతో తోలారు. వెల్లకిలా పడుకోబెట్టి, రంగులు వేసి, మీసాలు దిద్ది, తొడలో ఎర్రనీళ్ళ కుండ దాచారు. నాయన బొమ్మ తల దగ్గర కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాడు. కొత్త దుర్యోధనుడు వచ్చి కాళ్ళకు దండం పెడితే, లేచి ఆ అబ్బాయి భుజకీర్తి తాడు బిగించి కట్టాడు. “పరిగెత్తేటప్పుడు ఎడమ కాలు చూసుకో నాయనా, ఆడ గుంత ఉంది” అన్నాడు.

భీముడు తొడ మీద కొట్టాడు, కుండ పగిలింది, ద్రౌపది జుట్టు ముడేసుకుంది. గాంధారి శోకం పాడినప్పుడు మా పక్క ఆడవాళ్ళందరూ ఏడ్చారు, ఎప్పటిలాగే. చంపినవాళ్ళూ ఏడ్చేవాళ్ళూ ఒకటే ఊరి జనం. తర్వాత గాదెల్లో వేసుకోవడానికి అందరూ బొమ్మ మట్టి పెళ్ళలు తీసుకుపోయారు. ఎర్రనీళ్ళు నా సంచి మీద చింది పద్దుల పుస్తకం అంచు తడిసింది. తుడవలేదు.

రాత్రి గుండం అయ్యాక, పది దాటి మొదలుపెట్టాం. నాయన ముఖానికి అర్దళం, అదే వేషం రంగు, నేనే పూశాను. కిరీటం వద్దన్నాడు. మొదటి ఐదు నిమిషాలు మైకు కీచుమంది, ఘోషయాత్రకు ముందు పేజీ ఒకటి ఎవరికీ వినపడలేదు. నాలుగు వందల మందికి పైనే ఉన్నారు, సగం మంది పడుకుని వింటున్నారు.

తల్లి దీవెనల దగ్గర ఏం జరిగిందో రాయాలి. ఐదో రోజు నుంచి ముందు వరసలో పిల్లలు నాయనతో కలిసి ఆ వాక్యం అనడం మొదలుపెట్టారు. ఆటలాగా, గట్టిగా. మద్దెల ఆయన నా వైపు చూశాడు. పదమూడో రోజు నాయన పేజీ తిప్పాడు, నోరు తెరవలేదు. పిల్లలు మాత్రమే అన్నారు. “ధర్మమెటుంటే అటే జయమంది.” అని, వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గించేశారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా మైదానంలో హార్మోనియం, నాయన గొంతు తప్ప ఏమీ లేవు.

ఆఖరి వాక్యం చెప్పి పుస్తకం మూసి అలాగే కూర్చుండిపోయాడు. చప్పట్లు వెంటనే రాలేదు.

జనం వెళ్ళిపోతుండగా మా వీధి చివరింటి అవ్వ ఒకామె కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. నాయన రంగు కూడా కడుక్కోలేదు.

“ఆయమ్మను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన రోజు గురించి అంతేనా అయ్యా నువ్వు రాసుకునింది?”

“అంతేనవ్వా.”

ఆమె కదల్లేదు. కర్రతో ఒళ్ళోని పద్దుల పుస్తకం చూపించింది.

“ఇంకా శానా పేజీలు ఉండాయి గదా.”

నాయన పుస్తకం నా చేతికిచ్చాడు. ఇంటికొచ్చి లెక్కపెట్టాను. నూట ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి.